పక్క నుంచి వేలాడే బరువుకు మేకులే ఆధారం

ప్రశ్న: మేము షార్లెట్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం. వంటింటికీ ఫ్యామిలీ రూమ్‌కీ మధ్య ఉన్న గోడ తీయించి, సీలింగ్‌లో కలిసిపోయేలా ఎల్‌వీఎల్ (పల్చటి చెక్క పొరలను అతికించి చేసిన) బీమ్ పెట్టించాం. ఒక్కొక్కటి 1¾ అంగుళాల మందం, 11⅞ అంగుళాల లోతు ఉన్న పలకలు మూడు కలిపి కొట్టారు. బీమ్ పొడవు 16 అడుగులు. ఫ్యామిలీ రూమ్ వైపు నుంచి వచ్చే 16 అడుగుల జాయిస్టులన్నీ (ఫ్లోరును మోసే అడ్డ దూలాలు) హ్యాంగర్లతో, అంటే జాయిస్టు కొసను పట్టి ఉంచే ఇనుప తొడుగులతో, దానికే వేలాడుతున్నాయి. వంటింటి వైపు జాయిస్టులు బీమ్‌కి సమాంతరంగా పోతాయి కాబట్టి అటు నుంచి బరువేమీ లేదు. కాంట్రాక్టర్ నెయిల్ గన్‌తో పై అంచు వెంట ఒక వరస, కింది అంచు వెంట ఒక వరస, 16 అంగుళాలకొక మేకు చొప్పున రెండు వైపులా కొట్టాడు. మా ఆఫీసులో ఒకాయన ఫోటో చూసి మేకులు తక్కువగా ఉన్నాయన్నారు. కాంట్రాక్టర్ని అడిగితే "కోడ్ ప్రకారమే కొట్టాను, పైగా ఈ బీమ్ మీకు కావలసిన దానికన్నా పెద్దదే" అంటున్నాడు. వచ్చే వారం డ్రైవాల్ (జిప్సం పలకలు) వేస్తారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— షార్లెట్, నార్త్ కరోలినా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు డ్రైవాల్ ఆపించండి. ఇప్పుడైతే ఇది ఒక పూట పని, సీలింగ్ మూసేశాక అదే పని ఇల్లంతా దుమ్ము, రెట్టింపు ఖర్చు. మీ ఆఫీసాయన సరిగ్గానే పట్టుకున్నారు. కాంట్రాక్టర్ కావాలని తప్పు చెప్పాడని నేను అనుకోను, ఆయన చెబుతున్న కోడ్ లెక్క నిజంగానే ఉంది, కాకపోతే అది మీ బీమ్‌కి వర్తించే లెక్క కాదు.

అమెరికాలో ఇళ్ళకు వాడే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో మేకుల పట్టిక ఒకటి ఉంటుంది. రెండు పలకల హెడర్‌కి ప్రతి అంచు వెంట 16 అంగుళాలకొక 16డి మేకు (16డి అనేది మేకు సైజు పేరు) అని అందులో ఉంటుంది. ఫ్రేమింగ్ చేసేవాళ్ళందరికీ ఆ సంఖ్య నోటికి వచ్చు. కిటికీ మీదో తలుపు మీదో పెట్టే హెడర్‌కి బరువు పైనుంచి దిగుతుంది, పలకలన్నీ ఒకే మట్టానికి ఉంటే అన్నిటి నెత్తి మీదా ఒకేసారి కూర్చుంటుంది. అప్పుడు పలకలు వేటికవే తమ వాటా మోస్తాయి, మేకులకు మిగిలేది వాటిని విడిపోకుండా, పక్కకు వంగకుండా పట్టి ఉంచే పని మాత్రమే. మీ ఇంట్లో జరిగేది అది కాదు. జాయిస్టుల బరువంతా హ్యాంగర్ల ద్వారా ఫ్యామిలీ రూమ్ వైపు ఉన్న మొదటి పలకకు చేరుతోంది. వెనక ఉన్న రెండు పలకలకూ ఆ బరువు అందాలంటే మేకుల ద్వారానే అందాలి, మరో దారి లేదు. కాడికి రెండెడ్లను కట్టినా పలుపు ఒకదాని మెడకే వేస్తే రెండోది పక్కన ఊరికే నడిచినట్టు, మేకులు చాలకపోతే ఆ వెనక పలకలు అక్కడ ఉంటాయి గానీ పని చేయవు.

ఇప్పుడు లెక్క చూడండి. కష్టమేమీ కాదు. లివింగ్ ఏరియాలకు చదరపు అడుగుకి 40 పౌన్ల వాడుక బరువు, ఫ్లోరు సొంత బరువు ఒక 10 పౌన్లు, మొత్తం 50 అనుకుందాం. జాయిస్టు 16 అడుగులు, అందులో సగం బరువు మీ బీమ్ మీదకొస్తుంది, అంటే 8 అడుగుల వెడల్పు. 8 ఇంటూ 50, బీమ్ పొడవులో ప్రతి అడుగుకీ 400 పౌన్లు. మూడు పలకలూ సమానంగా మోయాలి కాబట్టి మొదటి పలక తన మూడో వంతు ఉంచుకుని మిగతా రెండు వంతులు, అంటే 267 పౌన్లు, రెండో పలకకు దాటించాలి. రెండోది తన వాటా ఉంచుకుని మూడోదానికి 133 దాటిస్తుంది. అంటే బరువు వచ్చే వైపు అతుకు దగ్గర మేకులకు ఎక్కువ పని, వెనక అతుకు దగ్గర అందులో సగం.

మరి ఒక మేకు ఎంత దాటించగలదు? అమెరికన్ వుడ్ కౌన్సిల్ వారి నేషనల్ డిజైన్ స్పెసిఫికేషన్ పట్టికల్లో, డగ్లస్ ఫర్ లాంటి చెక్కలో 0.148 అంగుళాల మందం ఉన్న మేకుకి అడ్డంగా 118 పౌన్లు ఇస్తారు. నెయిల్ గన్‌లో మామూలుగా వేసే 0.131 మందం, 3 అంగుళాల పొడవు మేకైతే రెండో పలకలోకి దిగేది అంగుళంపావే, దానికి 90 పౌన్ల పైచిలుకు వస్తుంది. మీ ఇంట్లో ఏది కొట్టారో తెలుసుకోవడం సులువు, మేకుల పెట్టె ఇంకా గ్యారేజ్‌లోనే పడి ఉంటుంది, దాని మీద మందం, పొడవు రాసి ఉంటాయి. రెండు వరసలు, 16 అంగుళాలకొకటి అంటే అడుగుకి ఒకటిన్నర మేకు. సన్న మేకులైతే ఇంచుమించు 138 పౌన్లు, లావు మేకులైతే 177. కావలసింది 267. అంటే సన్న మేకులైతే మీ బీమ్‌లో మొదటి అతుకు దగ్గర అవసరమైన దాంట్లో సగమే ఉంది. ఇంకో సంగతి, ఎల్‌వీఎల్ తయారుచేసే కంపెనీల పుస్తకాల్లో బరువు పైనుంచి వచ్చే బీమ్‌కే 16డి మేకులు రెండు వరసలు, 12 అంగుళాలకొకటి కనీసం అని ఉంటుంది, 14 అంగుళాల లోతు, ఆపైన ఉంటే మూడు వరసలు. మీవాళ్ళు ఆ కనీసం దగ్గరకు కూడా రాలేదు.

లావు మేకులు మూడు వరసలు, 12 అంగుళాలకొకటి కొడితే 354 వస్తుంది, సరిపోతుంది. రెండు వరసలే కొట్టి దూరం 6 అంగుళాలకు తగ్గించినా అడుగుకి నాలుగు మేకులు పడతాయి, అదీ సరే. మీ బీమ్ మొత్తం మందం 5¼ అంగుళాలు కాబట్టి 3¼ అంగుళాల మేకు ఏ వైపు నుంచి కొట్టినా మూడో పలకను తాకదు. అందుకే రెండు వైపులా విడివిడిగా కొట్టాలి, రెండో వైపు మేకులు మొదటి వైపు మేకులకు ఎదురెదురుగా రాకుండా సగం దూరం జరిపి కొట్టాలి.

"బీమ్ పెద్దదే" అన్న మాట మీద ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మోసపుచ్చేది ఇదే. మూడు పలకలూ కలిసి మోస్తే 16 అడుగుల మీద పూర్తి బరువుకి మీ బీమ్ 0.4 అంగుళం వంగుతుంది, చాలా మంచి బీమ్. ఆ బరువంతా మొదటి పలక ఒక్కటే మోయాల్సి వస్తే వంపు 1.2 అంగుళాలు. అంతేకాదు, అప్పుడు ఆ పలకలో ఒత్తిడి చదరపు అంగుళానికి 3,700 పౌన్లు దాటుతుంది, ఈ రకం ఎల్‌వీఎల్‌కి సాధారణంగా అనుమతించేది 2,600. మేకులు కొన్నైనా ఉన్నాయి కాబట్టి మీ ఇంట్లో పరిస్థితి అంత దూరం పోదు, అయినా లెక్క ఎటు వెళుతుందో చూడండి. పలకల సంఖ్యను చూసి బీమ్ బలం అంచనా వేసేవాళ్ళు మేకుల సంఖ్యను కూడా చూడాలి, ఎందుకంటే పక్క నుంచి బరువు వచ్చినప్పుడు మేకు కూడా బీమ్‌లో భాగమే.

ఇక చేయాల్సిన పని. ఒక స్టెప్ స్టూల్ వేసుకుని బీమ్ మధ్య భాగానికి వెళ్ళి, కింది అంచు మీద వేలు అడ్డంగా పోనివ్వండి. మూడు పలకలూ ఒకే మట్టంలో ఉన్నాయా, ఫ్యామిలీ రూమ్ వైపు పలక కాస్త కిందికి దిగి గోరుకి తగిలేంత మెట్టు ఏర్పడిందా? తర్వాత ఫోన్ లైట్ వేసి పలకల మధ్య సందు చూడండి. ఒక వైపే బరువు వేలాడితే బీమ్ కొంచెం మెలి తిరగాలని కూడా చూస్తుంది, అందుకే పలకల మధ్య సందు ఏర్పడవచ్చు. మెట్టు కనిపించినా, సందు కనిపించినా, ఉన్నది ఉన్నట్టు కొత్త మేకులు కొట్టేస్తే ఆ వంకరను అలాగే బిగించినట్టవుతుంది, ఇప్పటికే మొదటి పలక మీద ఉన్న బరువు దాని మీదే ఉండిపోతుంది. కాబట్టి జాయిస్టుల కింద తాత్కాలికంగా ఊతకర్రలు పెట్టి, జాక్‌తో మెల్లగా లేపి, పలకలు మట్టానికి వచ్చాక క్లాంపులతో దగ్గరకు నొక్కి, అప్పుడు బిగించాలి. ఇది తొందరపడి చేసే పని కాదు, ఊతకర్ర కింద ఉన్న ఫ్లోరు ఆ బరువు ఆపగలదో లేదో కూడా చూసుకోవాలి.

మీ చోట నేను మేకుల కన్నా స్ట్రక్చరల్ స్క్రూలకే ఓటు వేస్తాను. హ్యాంగర్లు ఇప్పటికే ఉన్నాయి, వాటి మధ్య మిగిలిన సందులో నెయిల్ గన్‌తో బోలెడన్ని మేకులు నింపడం కన్నా, మూడు పలకల్లోంచీ దూసుకెళ్ళే స్క్రూలు ఒక వైపు నుంచి వేస్తే పని శుభ్రంగా అవుతుంది. సింప్సన్ స్ట్రాంగ్-టై వారి ఎస్‌డీడబ్ల్యూ స్క్రూలు సరిగ్గా ఈ పనికే చేసినవి, రెండు పలకలకు 3⅜ అంగుళాలవి, మూడింటికి 5 అంగుళాలవి, నాలుగింటికి 6¾ అంగుళాలవి దొరుకుతాయి. ఫాస్టెన్‌మాస్టర్ వారివి కూడా ఇలాంటివి ఉన్నాయి. ముందుగా రంధ్రం చేయనక్కర్లేదు. ఎన్ని పలకలు, ఎంత దూరానికొకటి, అడుగుకి ఎన్ని పౌన్లు అని కంపెనీల పట్టికల్లో స్పష్టంగా ఉంటుంది. బరువు స్క్రూ తల వైపు ఉందా, మొన వైపు ఉందా అన్నది కూడా చూసుకోండి, కొన్ని పట్టికల్లో ఆ రెండింటికీ విలువలు వేరుగా ఉంటాయి. బోల్టులు కూడా పనిచేస్తాయి, అర అంగుళం బోల్టు, అంచుకి 2 అంగుళాలు తగ్గకుండా, రంధ్రం బోల్టు కన్నా 1/16 అంగుళం మించకుండా, రెండు వైపులా వాషర్లు. కానీ జాయిస్టులు వేలాడదీసేశాక బోల్టు రంధ్రాలు తిన్నగా వేయడం కష్టం. డ్రైవాల్ స్క్రూలు మాత్రం ఒక్కటి కూడా వేయనివ్వకండి, అవి పెళుసు, ఇలాంటి అడ్డు బరువుకి పుటుక్కున విరుగుతాయి.

"హ్యాంగర్లకి అన్ని మేకులు కొట్టాంగా, అవి పలకలను కలపవా?" అని కాంట్రాక్టర్ అనవచ్చు. హ్యాంగర్‌కి 1½ అంగుళాల పొట్టి మేకులు వేసి ఉంటే అవి మొదటి పలకలోనే ఆగిపోయాయి. పొడుగువి వేసినా, అవి అప్పటికే జాయిస్టు బరువును మొదటి పలకకు అప్పజెప్పే పనిలో ఉన్నాయి. వాటిని రెండోసారి లెక్కలో వేసుకోకూడదు.

గోడ తీయడానికి పర్మిట్ తీసుకున్నప్పుడు ఇంజనీర్ డ్రాయింగ్ ఇచ్చి ఉంటాడు. అందులో పలకలు ఎలా బిగించాలో ఒక వివరం ఉండాలి. లేకపోతే బరువు ఒకే వైపు నుంచి వస్తోందని స్పష్టంగా రాసి, ఫోటో జతచేసి ఆయన్ని అడగండి. పై అంతస్తులో ఆ బీమ్ మీద గోడ ఏదైనా కూర్చుని ఉంటే నా 400 మారిపోతుంది, అది ఆయనే చూడాలి. మెట్ల దగ్గరి బీమ్ లాంటిది ఏదైనా ఒకే చోట వచ్చి మీ బీమ్‌కి తగులుకుంటే, ఆ చోట విడిగా స్క్రూల గుంపు కావాలి, అడుగుల లెక్క అక్కడ చాలదు.

ప్రశ్న: మాది తెనాలి. ఫ్రిస్కోలో మా అబ్బాయి కొత్త ఇల్లు కట్టిస్తుంటే చూడటానికి వచ్చాను. మా తాతగారి మిద్దె ఇంట్లో ఒక్క టేకు దూలం మీద ఇల్లంతా నిలబడింది. ఇక్కడేమో పల్చటి పలకలు మూడు నాలుగు కలిపి మేకులు కొడుతున్నారు. ఒక్క ముక్క దొరకదా, లేక ఖర్చు తగ్గించుకోవడానికా? గ్యారేజ్ పైన ఏకంగా నాలుగు పలకలు పెట్టారు.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఒక్క ముక్కగా కూడా దొరుకుతాయి. 3½, 5¼, 7 అంగుళాల వెడల్పుల్లో ప్యారలామ్ అనే రకం (చెక్క పీలికలను అతికించి చేసింది) ఉంది, గ్లూలామ్ (చెక్క పలకలను జిగురుతో అతికించి చేసింది) ఉంది. అవి వాడితే పైన చెప్పిన పలకల బాధే ఉండదు, మొత్తం ఒకటే కాబట్టి పక్క నుంచి బరువొచ్చినా అంతా కలిసే వంగుతుంది. పలకలు వాడటానికి పెద్ద కారణం మోత. 11⅞ అంగుళాల ఎల్‌వీఎల్ పలక అడుగుకి దాదాపు 6 పౌన్లు ఉంటుంది. 16 అడుగుల పలకను ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని మెట్లెక్కించగలరు. మూడూ కలిసిన ఒకే దుంగైతే 290 పౌన్లు, దానికి నలుగురైనా కావాలి, లేదా క్రేన్ రావాలి. పైగా ఆ పలకలే షాపుల్లో ఎప్పుడూ దొరుకుతాయి, రెండు కావాలంటే రెండు, మూడు కావాలంటే మూడు.

మీ తాతగారి ఇంటి మాట చెప్పి మంచి పని చేశారు, అసలు తేడా అక్కడే ఉంది. మన మిద్దెల్లో గోడల మీద దూలం, దూలం నెత్తిన దంతెలు, వాటి మీద పలకలో కర్రలో పరిచి మట్టి వేసేవారు. బరువు పైనుంచి తిన్నగా దూలం మీద కూర్చునేది, దూలం గదిలోకి కనిపిస్తూ ఉండేది, దాన్ని ఎవరూ లోపం అనుకోలేదు. ఇక్కడ సీలింగ్ అంతా ఒకే చదునుగా, దూలం కనపడకుండా ఉండాలంటారు. అందుకని బీమ్‌ని జాయిస్టుల మట్టానికే లేపి, జాయిస్టులను దాని పక్కకు వేలాడదీస్తారు. పక్క బరువు సమస్య మొత్తం ఆ చదును కోసం వచ్చిందే. మీ అబ్బాయికి దూలం ఒక అడుగు కిందికి కనిపించినా పర్వాలేదనిపిస్తే, జాయిస్టులను దాని మీదే కూర్చోబెట్టమనండి, నాకైతే అదే ఇష్టం.

గ్యారేజ్ పైన ఉన్న నాలుగు పలకల బీమ్‌ని మాత్రం ఒకసారి దగ్గరగా చూడండి. 7 అంగుళాల మందానికి మామూలు మేకులు చాలవు, పొడుగు స్క్రూలో బోల్టులో ఉండాలి, మేకుల తలలు మాత్రమే కనిపిస్తే సూపర్‌వైజర్‌ని అడగండి. అంత వెడల్పు బీమ్‌కి జాయిస్టులు రెండు వైపుల నుంచీ వేలాడాలని, ఒక వైపే అయితే తిరగబడే గుణం ఎక్కువని తయారీదారుల సూచనల్లో ఉంటుంది. రెండు వైపులా సమానంగా బరువు ఉంటే లెక్క చాలా తేలికవుతుంది కూడా. రెండు పలకల బీమ్‌కైతే ఎటు పలక అటు బరువు మోసుకుంటుంది, మేకులకు దాటించే పనే ఉండదు. మూడు పలకలైతే నడిమి పలక వాటా మాత్రం రెండు వైపుల నుంచీ మేకుల ద్వారానే అందాలి. ఒక వైపు జాయిస్టులు 16 అడుగులు, ఇంకో వైపు 8 అడుగులు ఉంటే తేడా మళ్ళీ మేకుల మీదే పడుతుంది, "రెండు వైపులా ఉన్నాయిగా" అని వదిలేయకూడదు.

ప్రశ్న: వెనక డెక్ నేనే కట్టుకుంటున్నాను. ట్రీటెడ్ 2x10లు రెండు కలిపి బీమ్, దాని ఒక పక్కకు 12 అడుగుల జాయిస్టులు హ్యాంగర్లతో. 10డి మేకులు రెండు వరసలు, 16 అంగుళాలకొకటి చాలా?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: డెక్ బీమ్‌లకు కోడ్‌లో ఉన్న కనీసం అదే. కానీ మీ జాయిస్టులు పక్కకు వేలాడుతున్నాయి. 6 అడుగులు ఇంటూ 50, అడుగుకి 300 పౌన్లు, అందులో సగం 150 రెండో పలకకు దాటాలి. వానలో మంచులో తడిసే చెక్కలో మేకు బలాన్ని 30 శాతం తగ్గించి లెక్క వేయాలి, ఆ లెక్కన అడుగుకి ఒకటిన్నర మేకు చాలదు. మూడు వరసలు, 12 అంగుళాలకొకటి కొట్టండి. 2x10 అసలు మందం 1½ అంగుళాలే, రెండు పలకలూ కలిపి 3 అంగుళాలే కాబట్టి 3 అంగుళాల మేకే వాడండి, 3¼ అయితే అవతలికి పొడుచుకొస్తుంది. ట్రీటెడ్ చెక్కలో రాగి ఉంటుంది, అది మామూలు మేకుల్ని తినేస్తుంది. హాట్-డిప్ గాల్వనైజ్డ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ కొనండి, హ్యాంగర్లూ అదే రకం ఉండాలి, ఒకటి స్టెయిన్‌లెస్ ఇంకోటి గాల్వనైజ్డ్ కలపొద్దు. వీలైతే జాయిస్టులను బీమ్ మీదే కూర్చోబెట్టండి, డెక్ కింద ఎత్తు ఉంటే మీకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

ప్రశ్న: పలకల మధ్య కన్‌స్ట్రక్షన్ అడెసివ్ పూస్తే మేకులు తగ్గించుకోవచ్చా?
— ఆస్టిన్ నుంచి

జవాబు: తగ్గించకూడదు. పూస్తే నష్టం లేదు, పలకలు ఒకదానికొకటి రాసుకుని వచ్చే కిర్రుమనే చప్పుడు తగ్గొచ్చు, కానీ లెక్కలో దానికి ఒక్క పౌను కూడా వేయరు. ఫ్యాక్టరీలో ఎల్‌వీఎల్ పొరలను వేడిమి, ఒత్తిడి పెట్టి అతికిస్తారు. సైట్‌లో దుమ్ము పట్టిన పలక మీద ట్యూబ్‌తో పూసిన జిగురు ఎంత అంటుకుందో ఇన్‌స్పెక్టర్‌ కూడా చూడలేడు, మేకులైతే లెక్కపెట్టగలడు.